వృద్ధులకు తోడు: కర్నూలు, కడప సీమల అనుభవము

కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు వంటి పట్టణములలో నేడు వృద్ధాశ్రమములు ఉన్నవి. వీనిలో కొన్ని ధర్మముగా నడచునవి, కొన్ని నెలకింత అని సొమ్ము తీసికొని నడుపబడునవి. ఇంటిలోని పెద్దవారిని ఇట్టి చోట చేర్చిన కుటుంబములలో రెండు ధోరణులు కనబడుచున్నవి. కొందరు ఇరుగుపొరుగు వారి యెదుట తల ఎత్తుకొనలేక, ఆ మాట ఎవరికిని చెప్పక, చూడబోవుటకు కూడ జంకుచున్నారు. మరికొందరు నెల మొదటి తేదీన డబ్బు పంపి, ఇక తమ బాధ్యత తీరినదని నిశ్చింతగా ఉన్నారు.

ఈ రెండు ధోరణులకును మూలమున ఉన్న అభిప్రాయము ఒక్కటే. పెద్దవారి సంరక్షణ అయితే ఇంటివారిది, కానిచో సంస్థవారిది, ఆ రెండింటి నడుమ గోడ ఉన్నదని ఆ అభిప్రాయము. మన ప్రాంత చరిత్రను కొంచెము ఓపికతో పరిశీలించినచో ఆ గోడ కట్టిన చోటనెల్ల కష్టమే కలిగినదని తెలియును. గడచిన రెండు వందల సంవత్సరములలో కర్నూలు, కడప సీమలవారు తమ ముసలివారిని, రోగులను, దిక్కులేనివారిని ఏ విధముగా కాపాడుకొన్నారో, ఎక్కడ కాపాడుకొనలేకపోయినారో ఈ ప్రసంగమున క్లుప్తముగా మనవి చేసెదను.

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన భూభాగమునకు దత్తమండలములని పేరు వచ్చినది. కర్నూలు మాత్రము 1839 వరకు నవాబుల చేతిలో ఉండినది. 1928లో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగిన సందర్భమున చిలుకూరి నారాయణరావుగారు సూచించిన రాయలసీమ అను పేరు ఈ ప్రాంతమునకు స్థిరపడినది. పేరు మారినను వాన మారలేదు. మేఘములు పడమటి కనుమల మీదనే చాలభాగము ఖాళీ అయి ఇటు వచ్చును. నల్లరేగడిలో జొన్న, ఎఱ్ఱనేలలో కొఱ్ఱ, సజ్జ పండించుకొని, మంచి సంవత్సరపు గింజను పాతరలలో దాచి, చెడ్డ సంవత్సరమును గడపుట ఇక్కడి సేద్యగాని నేర్పు.

ఇట్టి సేద్యములో ముసలివారు బరువు కారు. ఏ కార్తెలో ఏ చేనిలో గొఱ్ఱు కట్టవలెనో, ఎన్ని సంవత్సరముల క్రిందట ఇట్టి మబ్బు మోసము చేసినదో చెప్పగలవాడు ఇంటి అబ్బ. విత్తనము ఎంచి, బూడిద కలిపి, కుండలలో భద్రము చేయునది అవ్వ. మిద్దె ఇంటి ముందర అరుగుమీద కూర్చున్న పెద్దవాని కన్ను కళ్ళముమీద, దూడమీద, పసిబిడ్డమీద ఉండెడిది. ఆయనకు సంగటి ముద్ద పెట్టుట ఒక పని, ఆయన మాట వినుట ఒక పని. ఈ రెండును ప్రత్యేకమైన సేవ అని ఎవరికిని తోచలేదు. దినచర్యలో కలిసిపోయిన సేవ కనుక దానికి పేరు లేదు.

ఐతే మనవారు ప్రేమ నొక్కదానిని నమ్ముకొని ఊరకుండలేదు. కొడుకులు లేని ఇంట ముదిమికి ఆసరా ఏమి అను ప్రశ్నకు ఈ ప్రాంతమున ఒక కట్టుబాటు ఏర్పడినది. దానినే ఇల్లటము అందురు. కుమారుడు లేని తండ్రి తన కూతునకు తగిన వరుని చూచి, అతనిని తన ఇంటనే ఉంచుకొనును. అల్లుడు మామగారి భూమిని సాగుచేసి, అత్తమామలను కడదాక చూచుకొనును. అందుకు ప్రతిఫలముగా కుమారునికి వచ్చునట్లు ఆస్తిలో భాగము వచ్చును. కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు ప్రాంతముల రెడ్ల కుటుంబములలోను, కమ్మవారిలోను ఈ ఆచారము వ్యాపించి ఉండినది.

ధర్మశాస్త్రములలోని దత్తతకును, ఈ ఇల్లటమునకును చాల భేదము కలదు. దత్తత పిండప్రదానము కొఱకు. ఇల్లటము సేద్యము కొఱకు, చేయూత కొఱకు. దత్తు పోయినవాడు పుట్టినింటి ఆస్తిని వదలుకొనవలెను, ఇల్లటపు అల్లునికి ఆ నష్టము లేదు. శాస్త్రములలో ఆధారము లేని ఈ ఆచారమును మద్రాసు హైకోర్టు 19వ శతాబ్దిలోనే, ముఖ్యముగా 1881 నాటి ఒక తీర్పులో, చెల్లుబాటు కాగల ఆచారముగా అంగీకరించినది. ముసలివానికి దినదినము అన్నము పెట్టి, ఎద్దులను తోలి, పొలము కాచిన శ్రమకు ఆస్తిలో విలువ ఉన్నదని ఒప్పుకొనుటయే ఆ తీర్పుల సారాంశము. సంరక్షణ వట్టి దయ కాదు, లెక్కింపదగిన శ్రమ అను భావము మన పల్లెలలో ఏనాడో ఉన్నదని దీనివలన తెలియుచున్నది.

ఈ కట్టుబాటులు అన్నియు మెచ్చదగినవే అని చెప్పుటకు వీలులేదు. 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండి, ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరిన ఆదోని, ఆలూరు ప్రాంతములలో బసివి అను దురాచారము ఉండినది. కొడుకులు లేని పేద తలిదండ్రులు కూతును దేవునికి విడిచెడివారు. ఆమె పెండ్లి లేక పుట్టినింటనే ఉండి, కొడుకువలె ఆస్తికి వారసురాలై, ముసలి తలిదండ్రులను పోషించి, వారికి ఉత్తరక్రియలు జరుపవలెను. ఒక తరము ముదిమికి ఆసరా దొరకుటకై మరియొక తరము ఆడబిడ్డ బ్రతుకు బలియైనది. 1947లో మద్రాసు శాసనము, 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనము దీనిని నిషేధించినవి. కుటుంబము చేయు సేవను పొగడునప్పుడు, ఆ సేవ ఎవరి భుజములమీద పడుచున్నదని అడుగక తప్పదు. బసివి కథ ఆ ప్రశ్నను మనచేత అడిగించుచున్నది.

మరి, బంధువులే లేనివారి సంగతి యేమి? వారికి దేవాలయములు, మఠములు, సత్రములు ఉండినవి. శ్రీశైలము, అహోబిలము, మహానంది వంటి క్షేత్రములకు పోవు యాత్రికులకు దాతలు సత్రములు కట్టించి, వాని పోషణకు మాన్యములు ఇచ్చినారు. కడప సీమను పాలించిన థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో మరణించినప్పుడు, ఆయన జ్ఞాపకార్థము గుత్తిలో సత్రము కట్టించుటయు, పత్తికొండలో బావి త్రవ్వించి తోపు వేయించుటయు జరిగినది. ఈ సీమలో ఒకని పేరు నిలుపవలెనన్న నీరు, నీడ, అన్నము ఇచ్చుటకన్న మేలైన మార్గము లేదని కంపెనీ దొరలును గ్రహించినారు. కాని సత్రము బాటసారి కొఱకు ఏర్పడినది. ఒక పూట, రెండు పూటలు అన్నము పెట్టి సాగనంపుట దాని ధర్మము. నడువలేనివానికి నిత్యము చేయి అందించుట దాని పని కాదు.

కరువు వచ్చినప్పుడు ఈ దానధర్మములే దిక్కు. 1866 నాటి కరువులో ఉయ్యాలవాడ వాస్తవ్యులు బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెరచి, ఆకలితో వచ్చినవారికి అన్నము పెట్టిన వృత్తాంతము నేటికిని ఆ ప్రాంతమున జనులు పాటగా పాడుకొనుచున్నారు. విక్టోరియా రాణి పేర ఆయనకు బంగారు పతకము లభించినది. ఐనను, ఒక్క మహాదాత ఇంటి గాదె ఎంత పెద్దదైనను ఒక జిల్లాకు చాలదు. పది సంవత్సరములు తిరుగకముందే అది ఋజువైనది.

1876లో నైరృతి ఋతుపవనము, ఈశాన్య ఋతుపవనము రెండును తప్పిపోయినవి. 1877 వేసవి దాటినను వాన లేదు. ఆ కరువు 1878 వరకు సాగినది. 1871 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లాలో సుమారు 9 లక్షల 14 వేలమంది ఉన్నారు. 1881 లెక్కల నాటికి 6 లక్షల 78 వేలమంది మాత్రమే మిగిలినారు. పది సంవత్సరములలో పెరుగవలసిన జనాభా నాలుగవ వంతునకు పైగా తరిగిపోయినది. కొందరు వలసపోయినారు, ఎక్కువమంది ఆకలితోను, కలరా, విరేచనములు, జ్వరములతోను చనిపోయినారు. మన దేశ చరిత్రలో ఇంతటి నష్టమును పొందిన జిల్లాలు మిక్కిలి తక్కువ.

ఆనాటి ప్రభుత్వము ఏమియు చేయలేదనుట సత్యము కాదు, చేసినది సరిపోయినదనుటయు సత్యము కాదు. పనిచేయగలవారికి రోడ్లపనులు, చెరువుపనులు చూపించినారు. పనిచేయలేని ముసలివారికి, రోగులకు, పసివారికి శిబిరములు వేసి వండిన అన్నము పెట్టినారు. కొన్నిచోట్ల గ్రామాధికారుల చేత డబ్బు పంచినారు. 1877 జనవరిలో కేంద్ర ప్రభుత్వము పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలిని తగ్గించి, రోజుకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించినాడు. మద్రాసు ఆరోగ్యశాఖ అధిపతి డాక్టర్ కార్నిష్ దానిని తీవ్రముగా ఖండించినాడు. ఆ తిండితో మనిషి పనిచేయుట అటుంచి, ప్రాణము నిలుపుకొనుటయే కష్టమని ఆయన వాదము. కొన్ని నెలలకు కూలిని పెంచక తప్పినది కాదు.

అందులో మన విషయమునకు సంబంధించిన అంశము శిబిరములది. ఊరు విడిచి శిబిరమునకు పోవుట అనగా పొరుగువారిని, కులమువారిని, ఇంటిని, మిగిలిన పశువును విడిచిపోవుట. ఎవరో వండినది ఎందరితోనో కలిసి తినవలెను. అందువలన చాలమంది ఒంటిలో శక్తి ఉన్నంతకాలము శిబిరము ముఖము చూడలేదు. కాలు కదలనినాడు చేరినారు. అప్పటికి అన్నము జీర్ణించుకొను బలము వారికి లేదు. శిబిరములలో మరణములు భయంకరముగా పెరిగినవి. అన్నము లేకపోవుటవలన చచ్చినవారెందరో, అన్నము ఉన్న చోటికి రావలసిన వేళకు రాలేక చచ్చినవారును ఎందరో. పనులకు పోయిన కొడుకు ఒకచోట, శిబిరములో తల్లి ఒకచోట, ఊరిలో పిల్లలు ఒకచోట చెదరిపోయిన కుటుంబములో, ఎవరి గొంతులో గంజి ఎవరు పోయవలెను?

ఈ ఘోరమునకు కారణములు విచారించుటకై 1878లో సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఒక క్షామ విచారణసంఘము నియమింపబడినది. ఆ సంఘము 1880లో నివేదిక ఇచ్చినది. దాని ఆధారముగా 1883 నుండి ఆయా రాష్ట్రములకు ఫామిన్ కోడ్ అను కరువు నిబంధనావళి ఏర్పడినది. కరువు సూచనలు ఎట్లు కనిపెట్టవలెను, పనులు ఎప్పుడు ప్రారంభింపవలెను, కూలి ఎంత ఈయవలెను అనునవి అందులో ఉన్న సంగతి చాలమందికి తెలియును. వృద్ధులను గూర్చి అందులో చేరిన ఏర్పాటును మాత్రము అంతగా ఎవరును చెప్పుకొనుట లేదు.

పనిచేయలేనివారిని శిబిరమునకు తరలించుటకన్న, వారి ఊరిలోనే, వారి ఇంటనే సహాయము అందించుట మేలని ఆ సంఘము తలచినది. గ్రామాధికారులు జాబితా వ్రాయవలెను, పై ఉద్యోగులు తనిఖీ చేయవలెను. ఆ జాబితాలో గ్రుడ్డివారు, కుంటివారు, వయస్సుచేత గాని బలహీనతచేత గాని సంపాదింపలేనివారు ఉందురు. ఇంతవరకు ఎవరైనను ఊహింపదగినదే. వారితోపాటు మరియొక వర్గమును గూడ అందులో చేర్చినారు. ఇంటిలోని రోగికి గాని పసిబిడ్డలకు గాని ఎవరు దగ్గర ఉండి తీరవలెనో, అట్టివారును సహాయమునకు అర్హులే అని నిబంధన. అనగా ఆ మనిషి కాయకష్టము చేయగలదు, రోడ్డుపనికి పోగలదు. ఐనను ఆమెను పనికి పొమ్మనరాదు. మంచములో ఉన్నవారి ప్రక్కన కూర్చుండుటయే ఆమె పని అని ప్రభుత్వము ఒప్పుకొన్నది.

ఈ నిబంధన చూచుటకు చిన్నది, కాని దాని వెనుక లక్షల ప్రాణముల మూల్యము ఉన్నది. ఆకలిగొన్న ముసలివానికి ఒక కొలత గింజలు ఇచ్చిన చాలదు. ఆ గింజలు దంచి, కాచి, చల్లార్చి, నోటికి అందించు మనిషికి గూడ ఒక కొలత ఈయవలెను. సంరక్షణ లెక్కలో ఒకరు కాదు, ఇద్దరు ఉన్నారు. 1891-92లోను, 1896-97లోను మన జిల్లాలలో కరువులు వచ్చినవి. ఆ కరువులలో జనులు పడిన బాధ తక్కువది కాదు, కాని 1877 నాటి మరణములు మరల జరుగలేదు. రైలుమార్గములు, వేళకు ప్రారంభమైన పనులు అందుకు ముఖ్యకారణములు. ఊరిలోనే అందిన సహాయమును గూడ వానితో చేర్చి చెప్పవలెను.

కరువునుండి రోగమునకు వచ్చెదము. మదనపల్లె ప్రాంతము 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు కడప జిల్లాలోనిదే. అక్కడ 1912లో క్షయరోగులకై వివిధ మిషను సంఘములు కలిసి ఒక వైద్యశాలను ఆరంభించినవి. 1915 నాటికి అది పట్టణమునకు కొంతదూరమున సొంత కట్టడములలోనికి మారినది. ఆ స్థలమునకు ఆరోగ్యవరము అని పేరు పెట్టినారు. డెన్మార్కు దేశమునుండి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్-మోలర్ దానిని తీర్చిదిద్దినాడు. తరువాత డాక్టర్ పి. వి. బెంజమిన్ దాని అధిపతియై, ఆ మీదట భారత ప్రభుత్వమునకు క్షయనివారణ సలహాదారుగా పనిచేసినారు. 1948లో బి.సి.జి. టీకాను మన దేశమున మొదట ప్రయోగించి చూచినదియు మదనపల్లెలోనే.

క్షయకు మందు లేని ఆ కాలమున శానిటోరియము సూత్రము మూడు మాటలలో చెప్పవచ్చును: మంచిగాలి, విశ్రాంతి, బలమైన ఆహారము. నాలుగవది చెప్పకయే ఉన్నది. అది ఇంటినుండి దూరము. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి రోగి అక్కడ ఉండవలెను. రోగము ఇతరులకు అంటకుండ చూచుటకు ఆనాడు వేరొక మార్గము తెలియదు కనుక వైద్యులను తప్పు పట్టరాదు. ఐతే కూలినాలి చేసి బ్రతుకు సంసారములో యజమానుడు అన్ని నెలలు ఇల్లు విడిచిన, ఆ ఇంటి పొయ్యి ఎట్లు మండును? తల్లి పోయిన, పిల్లల గతి ఏమి? మంచములు వేలలో ఉండగా రోగులు లక్షలలో ఉండిరి.

1950 తరువాత మందులు వచ్చినవి. అప్పుడొక ప్రశ్న పుట్టినది. మందు ఉన్నప్పుడు రోగిని ఇంటినుండి వేరుచేయుట అవసరమా? దీనిని తేల్చుటకై భారత వైద్యపరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిషు వైద్యపరిశోధన మండలి కలిసి 1956లో మద్రాసులో ఒక కేంద్రమును స్థాపించినవి. డాక్టర్ వాలెస్ ఫాక్స్ దానికి నాయకుడు. పేదవాడలలో నివసించు 193 మంది రోగులను రెండు భాగములు చేసినారు. ఒక భాగమునకు శానిటోరియములో మంచము, పుష్టికరమైన భోజనము, నర్సుల సేవ లభించినవి. రెండవ భాగమువారు తమ ఇరుకు ఇండ్లలోనే ఉండి, తమ ఇంటి కూడే తినుచు, ఆసుపత్రినుండి మందులు తెచ్చుకొని వాడినారు. ఇరువురికిని ఒక సంవత్సరము ఒకే మందు ఇచ్చినారు.

1959లో ప్రకటింపబడిన ఫలితములు ప్రపంచమును ఆశ్చర్యపరచినవి. రెండు భాగములవారికిని దాదాపు సమానముగానే నయమైనది. ఇంటనున్న రోగులవలన కుటుంబములోని తక్కినవారికి ఎక్కువగా రోగము సోకలేదని తరువాతి సంవత్సరముల పరీక్షలు తెలిపినవి. శానిటోరియములో చేరినవారిలో కొందరు చికిత్స పూర్తికాకమునుపే ఇంటికి పోయిన సంగతి గూడ గమనింపదగినది. మంచి పరుపు, పాలు, గ్రుడ్లు ఉన్న చోటును విడిచి ఇరుకు గుడిసెకు వారేల పోయినారు? మనిషికి మనిషి కావలెను గనుక. ఆ పరిశోధన తరువాత ప్రపంచమంతట క్షయచికిత్స ఇంటికి తరలినది. నర్సు ఇంటింటికి పోయినది, ఇంటివారు మందు మ్రింగించు బాధ్యతను తీసికొన్నారు. 1877లో శిబిరము నేర్పిన పాఠమునే 80 సంవత్సరములకు వైద్యశాస్త్రము అంకెలతో ఋజువు చేసినది.

మన ఆసుపత్రులను చూచినను ఇదియే కనబడును. 1957లో వైద్యకళాశాల ఆరంభమైన నాటినుండి కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లాలవారే గాక, గద్వాల, రాయచూరు, బళ్ళారి వైపులవారును వచ్చుచున్నారు. ఏ వార్డు చూచినను మంచముమీద రోగి, మంచము ప్రక్కన చాపమీద మరియొకరు. ఆ రెండవవారు రోగిని లేపుదురు, కూర్చుండబెట్టుదురు, తుడుతురు, సీసాలోని నీరు ఎంత దిగినదో చూచి నర్సమ్మను పిలుతురు. వారే లేనిచో ఏ ఆసుపత్రియు ఒక దినము నడువదు. ఐనను వారు పడుకొనుటకు చోటు, స్నానమునకు నీరు, తినుటకు అన్నము ఉండవలెనను ఆలోచన ఆసుపత్రుల కట్టడములలో చాల ఆలస్యముగా ప్రవేశించినది.

చట్టములు గూడ క్రమముగా మారినవి. వృద్ధులైన తలిదండ్రులను పోషించు బాధ్యత కొడుకుతో సమానముగా కూతునకును ఉన్నదని 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము చెప్పినది. బాధ్యత సమానమైన పిమ్మట ఆస్తియు సమానము కావలెను గదా! ఉమ్మడి ఆస్తిలో కూతునకు కొడుకుతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుండి కల్పించినది. దేశమంతట ఆ హక్కు 2005లో వచ్చినది. ఇల్లటపు అల్లునిద్వారా గాని బసివిగా గాని పరోక్షముగా వారసత్వము పొందవలసిన స్థితి ఆడబిడ్డకు ఇట్లు తొలగినది.

2007లో తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము వచ్చినది. 60 సంవత్సరములు నిండినవారు తమ బిడ్డలు పోషింపనిచో డివిజను స్థాయి ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. నెలకు 10,000 రూపాయలవరకు భరణము ఇప్పించు అధికారము ఆ ట్రిబ్యునలునకు ఆ చట్టము ఇచ్చినది. చూచుకొందునను షరతుపై ఆస్తి వ్రాయించుకొని, పిదప చూడనివాని దస్తావేజును రద్దు చేయవచ్చును. ఇది ఒకవిధముగా పాత ఇల్లటపు న్యాయమే. బిడ్డలు లేనివారిని, వారి ఆస్తి ఎవరికి పోవునో ఆ బంధువు పోషింపవలెను. ప్రతి జిల్లాలో 150 మంది నిరుపేద వృద్ధులకు చోటున్న ఆశ్రమమును ప్రభుత్వము స్థాపింపవచ్చునని గూడ అందులో వ్రాసినారు. స్థాపింపవలెనని కాక స్థాపింపవచ్చునని వ్రాయుటలోనే ఆ ఏర్పాటు మెల్లగా సాగుటకు కారణము ఉన్నది.

చట్టము డబ్బు ఇప్పింపగలదు. పలుకరింపును ఇప్పింపలేదు. నేటి కష్టము అక్కడ ఉన్నది. ఆలూరు, ఆదోని, కోసిగి ప్రాంతముల పల్లెలలో పంట పోయిన సంవత్సరము పనిచేయగలవారు గుంటూరు మిరపచేలకు, బెంగుళూరు కట్టడపు పనులకు పోవుదురు. పల్లెలో తాళములు వేసిన ఇండ్లు, అరుగులమీద ముసలివారు మిగులుదురు. రాజంపేట, రాయచోటి వైపుల ఇంటికొకరు కువైట్ మొదలైన దేశములలో ఉన్నారు. వారిలో చాలమంది ఆడవారు, అక్కడ ఇతరుల ఇండ్లలో పిల్లలను, ముసలివారిని చూచుకొని, ఆ జీతముతో ఇక్కడ తమ తలిదండ్రులను పోషించుచున్నారు. చదువుకొన్న బిడ్డలు హైదరాబాదులోనో, అమెరికాలోనో స్థిరపడినారు. వీరందరును తలిదండ్రులమీద ప్రేమ లేనివారని అనుట అన్యాయము. దూరము వేరు, నిర్లక్ష్యము వేరు.

2011 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశ్ లో నూటికి సుమారు పదిమంది 60 ఏండ్లు దాటినవారు. వృద్ధాప్యపు పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలైనది. పల్లెలో ఆ సొమ్ముతో ఒక ముసలి ప్రాణము ఇతరుల చేయి చూడక రెండు పూటలు తినగలదు. కాని మంచము పట్టిన అత్తగారిని చూచుకొనుటకై కూలికి పోవుట మానిన కోడలి పేరు ఏ జాబితాలో ఉన్నది? 1883 నాటి కరువు నిబంధనలలో ఆమెకు చోటు దొరకినది. ఆ నిబంధనలు వ్రాసినది పరాయి ప్రభుత్వము, దయాగుణమునకు పేరుపొందిన ప్రభుత్వము కాదు. ఐనను మరణముల లెక్కలు చూచిన పిమ్మట ఆమెను మరువలేకపోయినది. మన స్వంత ప్రభుత్వములు ఆమెను గుర్తుకు తెచ్చుకొనుటకు మరియొక కరువు రానక్కరలేదు.

ఇక ఆశ్రమముల మాట. ఇంట చూచుకొనుట అసాధ్యమైనప్పుడు తల్లినో తండ్రినో మంచి ఆశ్రమములో చేర్చుట నేరము కాదు. మతిమరపు ముదిరి రాత్రింబవళ్ళు కనిపెట్టి ఉండవలసినవారికి, లేచి కూర్చుండలేనివారికి తెలిసినవారి చేయి కావలెను. అయితే చేర్చిన దినముతో కుటుంబము పని ముగియదు, దాని రూపము మారును. మందులు వేళకు ఇచ్చుట, స్నానము చేయించుట ఆశ్రమములోనివారు చేయగలరు. తెల్లవారి లేవగానే ఆమెకు చుక్క కాఫీ కావలెనని, రొట్టెను మజ్జిగలో నానబెట్టినగాని తినదని, ఎడమ చెవి వినబడదని, పెద్దకొడుకు పేరు ఎత్తినచో కంటతడి పెట్టునని వారికెవరు చెప్పవలెను? ఇంటివారే చెప్పవలెను. అది ఒక కాగితముపై వ్రాసి ఇచ్చుటతో తీరునది కాదు. పనివారు మారుచుందురు, ముసలివారి అవసరములును మారుచుండును. చూడవచ్చినవారు ప్రతి పర్యాయమును ఆ మాటలు మరల చెప్పుచుండవలెను.

చూడబోవుట అనగా పండ్లు పట్టుకొనిపోయి, కుర్చీ అంచున పది నిమిషములు కూర్చుండి, గడియారము చూచి లేచుట కాదు. ఆ పూట అన్నము తాము తినిపింపవచ్చును, తల దువ్వవచ్చును, గోళ్ళు తీయవచ్చును. ఉగాదినాడు పచ్చడి ఇంటినుండి రావలెను. మనుమని పెండ్లి సంగతి నలుగురికి తెలియక మునుపే అవ్వకు తెలియవలెను, ముహూర్తము ఆమెను అడిగి పెట్టవలెను. దూరదేశములో ఉన్నవారు వారమున కొకసారి ఫోనులో ముఖము చూపించి మాటలాడవచ్చును. ఆ ఊరిలోనే ఉన్న మేనత్తనో, చిన్ననాటి చెలికత్తెనో నెలకు రెండుసారులు పోయి రమ్మని, ఆమె దారిఖర్చు తాము భరింపవచ్చును. అట్లు చేయుటవలన మరియొక మేలు కలదు. ఎవరో ఒకరు వచ్చుచుండు మంచమును నడుపువారు నిర్లక్ష్యము చేయరు.

ఆశ్రమములను నడుపువారికిని ఒక మాట చెప్పవలెను. బంధువులు వచ్చినచో పనికి అడ్డమని తలచి, ఆదివారము సాయంకాలము గంటసేపు మాత్రమే లోనికి రానిచ్చు నియమము మంచిది కాదు. వారికొక చాప, ఒక పూట భోజనము, రోగము ముదిరిన రాత్రి ప్రక్కన పడుకొనుటకు చోటు ఏర్పాటు చేయుట అధికవ్యయము కాదు. ఇంటివారు చేయదలచిన సేవను చేయనిచ్చినచో పనివారి భారము తగ్గును. ఎవరును రానివారు గూడ ఆశ్రమములో కొందరుందురు. ఒకరి కొఱకు వచ్చినవారు వారినిగూడ పేరుపెట్టి పలుకరించుట అలవాటు చేసికొనవలెను. మన పల్లెలలో అబ్బ అను పిలుపునకు రక్తసంబంధము అక్కరలేదు. వయస్సు చాలును.

మీ ఇంటి పెద్దవారు ఎక్కడ ఉన్నను, ఇంట ఉన్నను, ఆశ్రమములో ఉన్నను, వారి ప్రక్కన కూర్చుండు మనిషి ఎవరు, ఆ మనిషికి తిండి, నిద్ర, విశ్రాంతి ఉన్నవా అని ఈ రాత్రి ఇంటిల్లిపాదియు కూడి ఆలోచింప ప్రార్థన. ఆ బరువు ఒక్కరిమీదనే పడియున్నచో, దానిని ఎట్లు పంచుకొనవలెనో గూడ అప్పుడే నిశ్చయించుకొనుట మంచిది.